తూటా ముందు, తుపాకీ తరువాత
(డాలస్ శివారులో ఒక ఆదివారం తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆనాడు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

మిత్రులందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, భోంచేసి ఒక కునుకు తీయవలసిన వేళ ఇంతమంది వచ్చి కూర్చున్నారంటే ఈ విషయం మీద నిజంగానే ఆసక్తి ఉండి ఉండాలి, లేకపోతే నిర్వాహకులు మిరపకాయ బజ్జీలు ఉన్నాయని చెప్పి ఉండాలి. ఏదైనా సరే, సంతోషం. ముందుగా ఒక మాట. నేను ఈ హాలుకు తుపాకీ ఏదీ తీసుకురాలేదు. ఈ చెక్కపెట్టెలో ఉన్నవి తుపాకీమందూ, ప్రైమరూ లేని డమ్మీ తూటాలు మాత్రమే. పిల్లలు పట్టుకొని చూసినా ప్రమాదం లేదు. తూటా అన్నప్పుడు నేను మొత్తం వస్తువును, అంటే ఇత్తడి ఖోలు, లోపలి మందు, అడుగున దెబ్బ తగలగానే మందును అంటించే ప్రైమరు, పైన గుండు, ఇవన్నీ కలిసినదాన్ని ఉద్దేశిస్తున్నాను. గుండు అన్నప్పుడు గొట్టంలోంచి బయటికి వెళ్లే ముక్కను మాత్రమే. మన వాడుకలో రెండింటినీ బుల్లెట్ అనేస్తాం కాబట్టి ఈ తేడా ముందే చెప్పుకుంటే నాకూ సుఖం, మీకూ సుఖం.

మనలో చాలామందికి తుపాకీతో తొలి పరిచయం ఎక్కడ? నుమాయిష్‌లోనో, ఊరి తిరునాళ్లలోనో, అట్టకు వరుసగా కట్టిన బెలూన్ల ముందు నిలబడి గాలి తుపాకీ పట్టుకున్నప్పుడు. అవునా, కాదా? ఆ తుపాకీ గొట్టం ఎప్పుడూ వంకరగానే ఉండేది, అయినా ఒక్క బెలూను పేలితే ఆ సంతోషం ఇంటికి వెళ్లేదాకా ఉండేది. నేను ఈనాడు మాట్లాడేది ఆ సంతోషం గురించే. వేట గురించి కాదు, ఆత్మరక్షణ గురించి అసలే కాదు. శనివారం ఉదయం రేంజికి, అంటే గురి చూసి కాల్చే చోటికి, వెళ్లి, ఇనుప పలకను ఠంగుమనిపించి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసే వినోదం గురించి, ఆ వినోదానికి ఒకే తూటాను వాడుకొనే ఒక రివాల్వర్‌నూ, ట్రిగ్గర్ దగ్గరి లీవరును ఆడించి తూటా ఎక్కించే ఒక లీవర్ యాక్షన్ రైఫిల్‌నూ జోడుగా ఎలా ఎంచుకోవాలన్నదాని గురించి.

అయితే అంతకంటే ముందు చెప్పవలసినది ఒకటుంది. మీలో హెచ్‌-1బి వీసా మీద ఉన్నవారు, ఎఫ్‌-1 మీద చదువుకుంటున్నవారు, హెచ్‌-4 మీద ఉన్నవారు ఎంతమంది? చేతులు ఎత్తనక్కరలేదు, నాకు తెలుసు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ప్రవేశించినవారు తుపాకీని గానీ, తూటాను గానీ కలిగి ఉండకూడదు. కొనడం ఒక్కటే కాదు, రేంజిలో అద్దెకు తీసుకొని చేత పట్టుకోవడం కూడా ఆ కలిగి ఉండడం కిందికే వస్తుంది. దీనికి ఉన్న మినహాయింపులలో మనవారికి పనికివచ్చేది ఒకటే, ఏదో ఒక రాష్ట్రం జారీ చేసిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండడం. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. ఇక రాష్ట్రాల సంగతి వేరు. ఇల్లినాయిలో ఎఫ్‌.ఓ.ఐ.డి. అనే తుపాకీదారు గుర్తింపు కార్డు కావాలి, న్యూజెర్సీలో కొనుగోలుదారు గుర్తింపు కార్డు కావాలి, చేతి తుపాకీకైతే విడిగా పర్మిటు కావాలి. మన టెక్సస్‌లో అలాంటి కార్డులేమీ లేవు కాబట్టి అన్నీ సులువే అనుకుంటాం, కానీ ఫెడరల్ చట్టం ఇక్కడా ఉంది. దుకాణంలో మీ చేత నింపించే 4473 నంబరు ఫారంలో ఈ ప్రశ్న ఉంటుంది, దానికి తప్పు సమాధానం రాయడమే ఒక నేరం. భర్త పౌరుడై, భార్య ఇంకా వీసా మీదే ఉన్న ఇళ్లు మనలో లేవా? ఉన్నాయి. అలాంటి ఇంట్లో సేఫు తాళం ఎవరి దగ్గర ఉండాలన్నది నన్ను కాదు, న్యాయవాదిని అడగండి.

సరే, విషయంలోకి వద్దాం. అసలు ఈ జోడు అనే ఊహ ఎక్కడిది? 1873లో వించెస్టర్ కంపెనీ ఒక లీవర్ రైఫిల్‌ను తెచ్చింది. దానితో పాటే .44-40 అనే తూటాను తెచ్చింది. 44 అన్నది గుండు లావు, 40 అన్నది నల్లని తుపాకీమందు బరువు, గ్రెయిన్లు అనే చిన్న కొలతలో. సరిగ్గా అదే ఏడాది కోల్ట్ కంపెనీ సింగిల్ యాక్షన్ ఆర్మీ అనే రివాల్వర్‌ను అమెరికా సైన్యానికి ఇచ్చింది. దాని తూటా వేరు, .45 కోల్ట్. అంటే పశువులను తోలుకుంటూ వారాల తరబడి తిరిగే మనిషి నడుముకున్న బెల్టులో రెండు రకాల తూటాలు పెట్టుకోవాలి. చీకట్లో, వానలో, చేతికి ఏది తగిలిందో తెలియదు. కొన్నేళ్లకే కోల్ట్ కంపెనీ తన రివాల్వర్‌ను వించెస్టర్ వారి .44-40 తూటాకు కూడా చేసి, గొట్టం మీద ఫ్రాంటియర్ సిక్స్ షూటర్ అని ముద్ర వేసి అమ్మింది. జోడు పుట్టింది అక్కడ. ఒక బెల్టు, ఒక తూటా, రెండు తుపాకులు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. కౌబాయ్ బొమ్మలు చూసి పెరిగినవారు ఎవరిని అడిగినా .45 కోల్ట్ రివాల్వరూ, .45 కోల్ట్ లీవర్ రైఫిలూ అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో అలాంటి జోడు లేనే లేదు. ఎందుకు లేదు? ఆనాటి .45 కోల్ట్ తూటా అడుగున అంచు, రిమ్ అంటారు, మరీ సన్నగా ఉండేది. రివాల్వర్‌లో పేలిన ఖోలును ముందు నుంచి కడ్డీతో వెనక్కు నెట్టి బయట పడేస్తాం కాబట్టి అంచు సన్నగా ఉన్నా ఇబ్బంది లేదు. రైఫిల్‌లో అలా కాదు, ఒక చిన్న కొక్కెం ఆ అంచును పట్టుకొని వెనక్కు లాగాలి. పట్టుకోవడానికి అంచే లేకపోతే కొక్కెం ఏం చేస్తుంది? ఈనాటి .45 కోల్ట్ ఖోళ్లకు అంచుకు ముందు చిన్న గాడి తీస్తున్నారు కాబట్టి ఆ జోడు ఇప్పుడు సాధ్యమైంది. గోటి మందం లేని ఒక ఇత్తడి అంచు రెండు తుపాకుల జోడును వంద ఏళ్లు ఆపింది. అందుకే నేను చెప్పదలచుకున్నది ఒకటే. తూటాను ముందు ఎంచుకోండి. ఆ తరువాత ఆ తూటాను సరిగా మింగే రైఫిల్‌ను ఎంచుకోండి. రివాల్వర్ చివర. మనవారు చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. ముందు మెరిసే రివాల్వర్ మీద మనసు పడుతుంది, తరువాత దానికి జోడు వెతుకుతాం, నెల తిరిగాక తూటాల ధర చూసి గుండె పట్టుకుంటాం.

నేనూ అలాగే చేశాను. నా మొదటి జోడు .45 కోల్ట్. ఎంత అందంగా ఉండేదంటే, కొన్న రోజు రాత్రి రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి మా ఆవిడను పిలిచి చూపించాను. ఆవిడ చూసి, ‘బాగున్నాయి, దేనికి?’ అంది. సమాధానం నా దగ్గర లేదు. ఆ తూటా ఒక్కొక్కటి డాలరుకు కాస్త అటూ ఇటూ ఉండేది. ఉదయం వెళ్లి నూట యాభై కాల్చి వస్తే దాదాపు వారం కిరాణా అయిపోయినట్టు లెక్క. రెండు నెలల తరువాత అవి సేఫులోంచి బయటికి రావడమే మానేశాయి. కాల్చలేని తుపాకీ గోడ గడియారంతో సమానం, అది కూడా నడవని గడియారం.

కాబట్టి తూటా. ఈ రెండింటినీ చూడండి. ముందు వరుసలోని వారు అందుకొని వెనక్కు పంపండి. ఎడమచేతిలోది .38 స్పెషల్, కుడిచేతిలోది .357 మాగ్నమ్. ఏమిటి తేడా? లావు ఒకటే. పేరులో 38 ఉన్నా లోపలి గుండు వ్యాసం .357 అంగుళమే, అది పాత పేరు అలా నిలిచిపోయింది. తేడా అంతా పొడవులో. కుడిచేతి ఖోలు ఎడమచేతి దానికంటే అంగుళంలో ఎనిమిదో వంతు పొడవు. గోటితో కొలిచి చూడండి, తెలుస్తుంది. .38 స్పెషల్ పందొమ్మిదో శతాబ్దం చివర వచ్చింది, .357 మాగ్నమ్ 1935లో వచ్చింది. ఆ పొడవు మందు పట్టడానికి పెంచింది కాదు, ఖోలులో చోటు ముందే కావలసినంత ఉంది. మరి ఎందుకు పెంచారు? కొత్త తూటా పాత రివాల్వర్‌లో పట్టకుండా ఉండడానికి. .38 స్పెషల్ పీడనం చదరపు అంగుళానికి 17,000 పౌండ్లకు మించకూడదు, .357 మాగ్నమ్‌కు 35,000 దాకా అనుమతి. అంటే రెట్టింపు. పాత .38 రివాల్వర్‌లో పొరపాటున .357 దూరితే ఆ ఉక్కు ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందుకని దూరకుండానే పొడవు పెంచారు. ఇటు నుంచి అటు వెళ్లదు గానీ అటు నుంచి ఇటు హాయిగా వెళుతుంది. .357 అని ముద్ర ఉన్న తుపాకీలో .38 స్పెషల్‌ను నిశ్చింతగా కాల్చవచ్చు. ఇది గుర్తుపెట్టుకోండి. .357 జోడు కొంటే మీకు దక్కేది రెండు తూటాలు.

నా మాటగా చెబుతున్నాను, మీలో పదిమందిలో తొమ్మిదిమందికి సరిపడేది ఈ .357 జోడే, అందులో కాల్చవలసినది చాలావరకు .38 స్పెషలే. ఎందుకంటారా? 158 గ్రెయిన్ల గుండు ఉన్న మామూలు .38 స్పెషల్ రివాల్వర్‌లోంచి సెకనుకు 750, 800 అడుగుల వేగంతో వెళుతుంది. చేతికి దెబ్బ అనిపించదు, ఎవరో వేళ్లను పట్టుకొని చిన్నగా లాగినట్టు ఉంటుంది. అదే తూటాను రైఫిల్‌లో పెడితే వేగం కొంత పెరుగుతుంది గానీ, ధ్వని వేగమైన 1,100 అడుగుల చిల్లరను దాటదు. అందువల్ల ఆ చెవులు చిల్లులు పడే చీలిక ధ్వని ఉండదు. ఒక మెత్తని ‘టప్’, ఒక క్షణం నిశ్శబ్దం, ఆ తరువాత దూరంగా పలక ‘ఠంగ్’. ఆ మధ్య నిశ్శబ్దం కోసమే నేను రేంజికి వెళతాను, నిజం చెబుతున్నాను. బలం కావాలనుకున్న రోజున అదే రైఫిల్‌లో .357 పెట్టండి. రివాల్వర్ నాలుగంగుళాల గొట్టంలో సెకనుకు 1,250 అడుగుల దగ్గర ఉండే గుండు, పద్దెనిమిది అంగుళాల గొట్టంలో 1,700 దాటుతుంది. ఎందుకు పెరుగుతుంది? మందు కాలి పుట్టిన వాయువు గుండును నెట్టడానికి ఎక్కువ దూరం దొరుకుతుంది, పైగా రివాల్వర్‌లో తూటాలు పట్టే తిరుగుడు సిలిండరుకూ గొట్టానికీ మధ్య ఉండే సందులోంచి కొంత వాయువు పక్కకు పోతుంది, రైఫిల్‌లో ఆ సందు లేదు. ఆ సందు గురించి మరొక మాట తరువాత చెబుతాను, మరచిపోతే గుర్తు చేయండి.

మిగిలిన తూటాల గురించి క్లుప్తంగా. .44 మాగ్నమ్ 1955లో వచ్చింది. దానికీ .44 స్పెషల్ అనే పొట్టి తోడు ఉంది, లెక్క అదే. వేటకు వెళ్లేవారికి మంచిదే. వినోదానికి మాత్రం ఖరీదెక్కువ, దెబ్బ ఎక్కువ. మా మిత్రుడు ఒకాయన దానితోనే మొదలుపెట్టాడు. రెండో వారానికే ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకోవడం అలవాటైంది. ఆ ఉలికిపాటు పోగొట్టుకోవడానికి ఆరు నెలలు చిన్న తూటాలతో కూర్చోవలసి వచ్చింది. .44-40 చరిత్ర మీద మక్కువ ఉండి, సొంతంగా తూటాలు తయారు చేసుకొనే ఓపిక ఉన్నవారికి. .45 కోల్ట్ కథ చెప్పాను. ఇక .22. దీన్ని తక్కువగా చూడకండి. పది సెంట్లకు అటూ ఇటూగా ఒక తూటా, దెబ్బ అన్నదే ఉండదు. పన్నెండేళ్ల పిల్లను వెంట తీసుకువెళ్లాలనుకొనే తండ్రికి, మొదటిసారి తుపాకీ పట్టుకొనే తల్లికి, .22 లీవర్ రైఫిలూ, .22 సింగిల్ యాక్షన్ రివాల్వరూ చాలు. అందులో రుగర్ వారి రాంగ్లర్ రివాల్వర్, హెన్రీ వారి మామూలు లీవర్ రైఫిల్, ఈ రెండూ కలిపినా ఒక మంచి .357 రైఫిల్ ధరను దాటవు. ఏడాది అయ్యాక .357 కొంటారు, అయినా .22ను అమ్మరు. ఇంతవరకు అమ్మినవారిని నేను చూడలేదు.

ఇప్పుడు రైఫిల్. రివాల్వర్ కంటే రైఫిల్‌ను ముందు ఎంచుకోమన్నాను. కారణం ఏమిటంటే రివాల్వర్‌కు తిండి విషయంలో పేచీ లేదు. సిలిండరులో రంధ్రం ఉంది, అందులో మీరు వేలితో తూటా పెడతారు, అంతే. గుండు కొన మొద్దుగా ఉన్నా, గుండ్రంగా ఉన్నా, తూటా కాస్త పొట్టిదైనా, పొడవైనా దానికి పట్టదు. లీవర్ రైఫిల్‌కు పడుతుంది, చాలా పడుతుంది. ఇప్పుడు నా చేతులనే రైఫిల్ అనుకోండి. గొట్టం కింద మరొక సన్నని గొట్టం ఉంటుంది, మ్యాగజీన్ అంటారు, అందులో తూటాలు ఒకదాని వెనుక ఒకటి రైలుపెట్టెల్లా ఉంటాయి, స్ప్రింగు వాటిని వెనక్కు నెడుతూ ఉంటుంది. లీవరును కిందికి తోయగానే పేలిన ఖోలు బయట పడుతుంది, కింది గొట్టంలోంచి ఒక్క తూటా జారి ఒక చిన్న ఉయ్యాల మీదికి వస్తుంది, ఆ ఉయ్యాల పైకి లేచి తూటాను పై గొట్టానికి ఎదురుగా నిలబెడుతుంది, లీవరును పైకి మూయగానే బోల్టు దాన్ని లోపలికి నెడుతుంది. ఒక్క క్షణంలో జరిగే పని. ఇందులో తూటా మరీ పొట్టిదైతే? దాని ముందున్న రెండోదాని అడుగు కూడా ఉయ్యాల మీదికి దూరుతుంది, ఉయ్యాల లేవదు, లీవరు సగంలో బిగుసుకుంటుంది. గుండు కొన ఖోలుతో సమంగా చదునుగా కోసినట్టు ఉంటే? గొట్టం అంచుకు తగిలి ఆగిపోతుంది. కాగితం టార్గెట్ల కోసం అమ్మే వాడ్‌కట్టర్ తూటాలు సరిగ్గా అలాంటివే, రివాల్వర్‌లో అద్భుతంగా ఉంటాయి, రైఫిల్ మింగదు. మీకు కావలసినది కొన కాస్త చదునుగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ లావయ్యే గుండు, 158 గ్రెయిన్లది. ఇదుగో, ఇలాంటిది. కొన చదునుగా ఎందుకుండాలో ఎవరైనా చెప్పగలరా? మ్యాగజీన్‌లో ఒక తూటా కొన ముందున్న తూటా ప్రైమరుకు ఆనుకొని ఉంటుంది. ఆ కొన సూదిగా ఉంటే, తుపాకీ అదిరినప్పుడు అది ప్రైమరును పొడిచే ప్రమాదం ఉంది. వెనుక వరుసలో తమ్ముడు సరిగ్గా చెప్పాడు. .22లో ఈ బాధ లేదు, దాని ప్రైమరు నడిమధ్యన కాదు, అంచు చుట్టూ ఉంటుంది.

కొత్తవారు చేసే తప్పు ఇంకొకటి ఉంది, లీవరును భయం భయంగా, సగం తోసి సగం ఆగుతూ ఆడించడం. తలుపు గడియ వేసినట్టు ఒకే ఊపులో చివరిదాకా తోయాలి, ఒకే ఊపులో మూయాలి. ఎవరో వాడి అమ్మిన పాత రైఫిల్ ఒకటి నేను ఒకసారి కొన్నాను. ఎక్కడ కొన్నానన్నది అనవసరం. దుకాణంలో ఖాళీగా ఆడించి చూశాను, వెన్నలా నడిచింది. రేంజికి తీసుకువెళ్లి .38లు నింపాక మూడో తూటాకు బిగుసుకుంది. విప్పి చూస్తే ఆ ఉయ్యాల అంచు అరిగిపోయి ఉంది. తప్పు నాదే, ఖాళీగా ఆడించి చూడడం పరీక్ష కాదు. అప్పటి నుంచి వాడిన రైఫిల్ చూడడానికి వెళ్లినప్పుడల్లా ఈ డమ్మీ తూటాలను జేబులో వేసుకొని వెళ్లి, దుకాణదారు అనుమతి అడిగి, పొడవువి అయిదు, పొట్టివి అయిదు నింపి ఆడించి చూస్తాను. ఒప్పుకోనివారి దగ్గర కొనను.

ఏ రైఫిల్ అని అడుగుతారు. మార్లిన్ 1894 ఉంది, ఖోలును పక్కకు పడేస్తుంది, పైభాగం మూసి ఉంటుంది కాబట్టి దాని మీద స్కోపు, అంటే గురి చూసే చిన్న దుర్బిణి, బిగించుకోవచ్చు. ఆ కంపెనీని 2020లో రుగర్ కొన్నది, కొన్నేళ్లకు 1894ను మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టింది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1892 ఉంది, దాని నకలును బ్రెజిల్‌లో రోసీ కంపెనీ చేస్తుంది, ధర తక్కువ, పదహారు అంగుళాల గొట్టం ఉన్నదైతే అయిదు పౌండ్లకు అటూ ఇటూ తూగుతుంది. అది ఖోలును పైకి ఎగరేస్తుంది, స్కోపుకు అనుకూలం కాదు. ఇటలీలో ఉబెర్తీ, జపాన్‌లో మిరోకు చేసే 1873 నమూనాలు ఉన్నాయి, లీవరు నడక వాటంత నునుపుగా దేనికీ ఉండదు, తూటా పొడవు విషయంలో మాత్రం వాటంత పేచీకోరు మరొకటి లేదు. హెన్రీ బిగ్ బాయ్ ఉంది, ఇత్తడి శరీరంతో పూజగదిలో దీపపు సెమ్మెలా మెరుస్తుంది, బరువు తొమ్మిది పౌండ్లకు దగ్గర. మా ఆవిడ దాన్ని రెండు నిమిషాలు ఎత్తిపట్టుకొని, ‘ఇది మీరే మోసుకోండి’ అని దించేసింది. అయితే దానిలో ఒక సుగుణం ఉంది. కింది గొట్టాన్ని ముందు నుంచి తీసి వంచితే మ్యాగజీన్‌లోని తూటాలన్నీ జారి బయటికి వస్తాయి, ఒక్కొక్కదాన్ని లీవరు ఆడించి దింపుకోనక్కరలేదు. గొట్టంలోకి ఎక్కిన తూటా ఒకటి ఉంటే అది అలా రాదు, లీవరు తెరిచి కంటితో చూసుకోవలసిందే. కొత్తవారి ఇంట్లో ఇది చిన్న సుగుణం కాదు.

నన్ను అడిగితే మార్లిన్ అంటాను. కారణం చరిత్రా కాదు, అందమూ కాదు, నా కళ్లు. నలభై అయిదు దాటాక గొట్టం మీద గురి చూసుకొనే ముందు గుర్తు, వెనుక గుర్తు, టార్గెట్టు, ఈ మూడూ ఒకేసారి స్పష్టంగా కనబడవు. రోజుకు పది గంటలు స్క్రీను చూసే ఉద్యోగాలు మనవి, ఇందులో సగం మంది ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకొని ఉన్నారు. ఆ అద్దాలతో రైఫిల్ చెక్క మీద చెంప ఆనించి చూడండి, ముందు గుర్తు అద్దంలోని ఏ భాగంలో పడుతుందో తెలియక మెడ కోడిమెడలా ఆడుతుంది. స్కోపు గానీ, సన్నని రంధ్రం ఉన్న పీప్ సైటు గానీ పెట్టుకొనే వీలున్న రైఫిల్ కొనండి. మరొకటి, భుజానికి ఆనే చోట చంద్రవంకలా లోపలికి వంగిన ఉక్కు పట్టీ ఉన్న పాత తరహా రైఫిళ్లు ఫోటోలో బాగుంటాయి, భుజానికి బాగుండవు. చదునైనది తీసుకోండి.

ఇప్పుడు రివాల్వర్. లీవర్ రైఫిల్ పక్కన సింగిల్ యాక్షన్ అందంగా ఉంటుందని అందరూ అంటారు, నేనూ అంటాను, కానీ నా కారణం అందం కాదు. సింగిల్ యాక్షన్ అంటే ప్రతిసారీ బొటనవేలితో హ్యామరును, అంటే వెనుకనున్న సుత్తిలాంటి ముక్కను, వెనక్కు లాగాలి, ఆ తరువాతే ట్రిగ్గర్ పనిచేస్తుంది. తూటాలను పక్కనున్న చిన్న తలుపు తెరిచి ఒక్కొక్కటిగా నింపాలి, ఒక్కొక్కటిగా తీయాలి. నిదానం. ఆ నిదానమే వినోదానికి వచ్చినవాడికి మేలు, తూటాల ఖర్చుకూ మేలు, పక్కన నిలబడి నేర్పేవాడి గుండెకూ మేలు. డబుల్ యాక్షన్‌లో సిలిండరు పక్కకు తెరుచుకుంటుంది, ఆరింటినీ ఒక్క తోపుతో పడేయవచ్చు. రుగర్ జి.పి.100, స్మిత్ అండ్ వెసన్ 686, ఇవి మంచివి. వీటిలోనూ హ్యామరును లాగి సింగిల్ యాక్షన్‌లా కాల్చవచ్చు. చిన్న చేతులు ఉన్నవారు మాత్రం డబుల్ యాక్షన్‌లో చూపుడు వేలు ట్రిగ్గర్‌కు హాయిగా అందుతుందో లేదో చేత్తో పట్టుకొని చూసుకోవాలి, ఇంటర్నెట్టులో చూసి కొనకూడదు.

సింగిల్ యాక్షన్‌లో ఒక జాగ్రత్త. పాత కోల్ట్ పద్ధతిలో చేసినవాటిలో హ్యామరు కొన నేరుగా ప్రైమరు మీద ఆని ఉంటుంది, కింద పడితే పేలవచ్చు. అందుకే వాటిలో ఆరు గదులున్నా అయిదే నింపి, హ్యామరును ఖాళీ గది మీద ఉంచుతారు. ఒకటి నింపు, ఒకటి వదులు, నాలుగు నింపు, హ్యామరును పూర్తిగా లాగి మెల్లగా దించు. పాతవారు జపంలా చెబుతారు. రుగర్ వారు 1973 నుంచి ట్రాన్స్‌ఫర్ బార్ అనే చిన్న ఉక్కు పలకను మధ్యలో పెట్టారు, ట్రిగ్గర్ నొక్కి ఉంచితే తప్ప హ్యామరు దెబ్బ ప్రైమరుకు చేరదు. మొదటి రివాల్వర్‌గా నేను రుగర్ వారి బ్లాక్‌హాక్‌ను చెబుతాను. ట్రాన్స్‌ఫర్ బార్ ఉంది కాబట్టి ఒకటి. వెనుక గుర్తును స్క్రూతో పైకీ కిందికీ జరుపుకోవచ్చు కాబట్టి రెండు. ఈ రెండోది జోడుకు ఎందుకు ముఖ్యం? గుండు బరువు మారితే రివాల్వర్‌లో తగిలే ఎత్తు మారుతుంది. బరువైన గుండు మెల్లగా వెళుతుంది, అది గొట్టం దాటేలోపల చెయ్యి కాస్త పైకి లేస్తుంది, కాబట్టి పైన తగులుతుంది. రైఫిల్ మెచ్చిన తూటాను రివాల్వర్‌లోనూ కాల్చాలంటే సర్దుకోవలసినది రివాల్వరే. న్యూ వకేరోలాంటి వాటిలో వెనుక గుర్తు కదలదు. అందం ఎక్కువ, సర్దుబాటు తక్కువ. మన చుట్టాలలోనూ అలాంటివారు ఉంటారు కదా.

ఆ సందు గురించి చెబుతానన్నాను, ఎవరూ గుర్తు చేయలేదు. సిలిండరుకూ గొట్టానికీ మధ్య కాగితం మందం సందు ఉంటుంది, తుపాకీ పేలినప్పుడు అక్కడి నుంచి రెండు పక్కలకూ మంటా, సీసపు నలుసులూ చిమ్ముతాయి. రైఫిల్‌ను పట్టుకొన్నట్టు ఎడమచేతిని ముందుకు చాచి రివాల్వర్ గొట్టం కింద పెడితే వేళ్లు కాలతాయి, .357 అయితే అంతకంటే ఎక్కువే జరుగుతుంది. రెండు తుపాకులనూ ఒకే రోజు మార్చి మార్చి కాల్చేవారు ఈ పొరపాటు చేస్తారు, ఎందుకంటే చేతికి రైఫిల్ అలవాటు ఇంకా పోలేదు. రెండు చేతులూ పిడి మీదే ఉండాలి.

పోటీలకు వెళ్లాలనుకొనేవారికి ఒక మాట. సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ అని 1987 నుంచి ఉంది, ఎస్‌.ఎ.ఎస్‌.ఎస్‌. అంటారు. అక్కడ కౌబాయ్ వేషం వేసుకోవాలి, మారుపేరు పెట్టుకోవాలి. మన బుర్రకథ దళంలో చేరినట్టే. రెండు సింగిల్ యాక్షన్ రివాల్వర్లు, ఒక లీవర్ రైఫిల్, ఒక షాట్‌గన్ కావాలి. గుండు సీసానిదే కావాలి, వేగం రివాల్వర్‌లో 1,000 అడుగులు, రైఫిల్‌లో 1,400 అడుగులు దాటకూడదు. అంటే పూర్తి బలం ఉన్న .357లకు అక్కడ చోటే లేదు, మళ్లీ మనం చెప్పుకున్న .38 దగ్గరికే వస్తారు. జి.పి.100తో మాత్రం ఆ పోటీలో నిలబడలేరు. ముందే ఆలోచించుకోండి.

.357 తుపాకీలో .38లు ఎక్కువగా కాలిస్తే, పొట్టి ఖోలు ఆగిన చోట, దాని ముందు, చాంబరులో, అంటే తూటా కూర్చొనే గదిలో, మసీ సీసమూ కలిసి ఒక ఉంగరంలా పేరుకుంటాయి. ఆ తరువాత పొడవైన .357 తూటాను నెడితే గట్టిగా పడుతుంది. బలవంతంగా నెట్టకండి. ముందు ఇత్తడి బ్రష్షుతో చాంబరు తోమండి. నేను ప్రతి శనివారం సాయంత్రం పావుగంట దీనికి కేటాయిస్తాను, తరువాత చేతులు చన్నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కుంటాను. అన్నం కలుపుకొని తినే చేతులు మనవి, సీసం సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. చెవుల సంగతీ అంతే. లోపలి రేంజిలో అయితే చెవిలో ప్లగ్గులూ, పైన చెవులను కప్పే మఫ్సూ, రెండూ పెట్టుకోండి.

ఇక్కడ ఒకరు చీటీ పంపారు. ‘రెండూ ఒకేసారి కొనలేను, ఏది ముందు?’ అని. రైఫిల్ ముందు. పైన చెప్పిన కారణం ఒకటైతే, నేర్చుకోవడానికి రైఫిల్ సులువు అన్నది మరొకటి. భుజం, చెంప, రెండు చేతులు, నాలుగు ఆధారాలు ఉంటాయి, యాభై గజాల దూరంలో పలక మొదటి రోజే మోగుతుంది. రివాల్వర్‌తో పది గజాల దగ్గర కూడా మొదటి నెల కష్టమే. రైఫిల్ కొని, రివాల్వర్‌ను మూడు నాలుగు సార్లు రేంజిలోనే అద్దెకు తీసుకోండి. రెండు మూడు రకాలు చేతికి తెలుస్తాయి. ఈలోగా మీ రైఫిల్ ఏ తూటాను మెచ్చుతుందో కూడా తెలుస్తుంది, అదే తూటాను పట్టుకెళ్లి రివాల్వర్ ఎంచుకోండి. ఇంట్లో తాళం ఉన్న సేఫు మాత్రం రైఫిల్ కంటే ముందే రావాలి.

చివరగా సంచీ. రేంజికి తీసుకువెళ్లే సంచీని ఆ ఒక్క పనికే ఉంచండి. ఎందుకంటున్నానంటే, మనమందరం రెండేళ్లకో మూడేళ్లకో ఇండియా వెళతాం, సామాన్లు సర్దేటప్పుడు అరలోంచి చేతికి దొరికిన సంచీని తీసేస్తాం. దాని మడతలో ఒక్క తూటా, కాల్చని ఒకే ఒక్క .38 ఉండిపోయి, శంషాబాద్‌లోనో, ఢిల్లీలోనో స్కానరులో కనబడితే 1959 నాటి ఆయుధాల చట్టం కింద మీరు పోలీసు స్టేషనుకు వెళ్లవలసి వస్తుంది, అమెరికాలో దానికి బిల్లు ఉందని చెబితే అక్కడ చెల్లదు. మా ఇంట్లో ఆ సంచీ గరాజులో మేకుకు వేలాడుతూ ఉంటుంది. మా ఆవిడ దాని మీద మార్కరుతో పెద్ద అక్షరాలతో ‘విమానం ఎక్కదు’ అని రాసిపెట్టింది. ఇక బజ్జీలు చల్లారుతున్నాయట, మిగిలిన ప్రశ్నలు అక్కడ అడగండి.